మెరిసే డ్యాష్‌బోర్డు వద్దు: ఏడేళ్లలో కారు లోపలికి నేను కొన్నవి, మానేసినవి

మొన్న మే నెలలో అనంతగిరి ఘాట్ ఎక్కుతున్నాను. ఉదయం పది దాటింది. కారులో రాజమండ్రి నుంచి అరకు చూడటానికి వచ్చిన కుటుంబం, ఆరుగురు. ముందు రోజు సాయంత్రమే డ్యాష్‌బోర్డుకు కొత్త పాలిష్ పట్టించాను. ఒక మలుపు తిరగగానే ఎండ సూటిగా ముందు అద్దం మీద పడింది. అంతే, డ్యాష్‌బోర్డు మొత్తం అద్దంలోకి ఎక్కింది. ఏసీ రెక్కలు, మధ్యలో పెట్టుకున్న చిన్న వినాయకుడు, వాటి నీడలన్నీ రోడ్డు మీద తేలుతున్నాయి. రోడ్డు మాత్రం ఆనలేదు. ఎదురుగా వస్తున్న బస్సు హారన్ వినిపించాకే అది ఎంత దగ్గరలో ఉందో తెలిసింది. కారు పక్కకు తీసి ఆపాను. భుజం మీది తువ్వాలు డ్యాష్‌బోర్డు మీద పరిచాను. అరకు చేరేదాకా అది తియ్యలేదు.

ఆ పాలిష్ సీసా ఖరీదు మూడు వందల యాభై రూపాయలు. పేరు రాయను. ఆ తరహా సీసాల్లో చాలావాటిలో పనిచేసేది ఒకటే, సిలికాన్ నూనె. అది ప్లాస్టిక్ మీద పలుచని పొరగా నిలిచి వెలుతురును వెనక్కి కొడుతుంది. మనం మురిసిపోయే మెరుపు అదే. మురికి ఎక్కడికీ పోదు, ఆ పొర కింద అలాగే ఉంటుంది. జిడ్డు పొరకు దుమ్ము ఇట్టే అంటుకుంటుంది కూడా. మా ఇల్లు విశాఖ కంచరపాలెంలో. పోర్టు వైపు నుంచి గాలి వీచిన రోజున, రాత్రి కడిగిన కారు మీద తెల్లారేసరికి నల్లటి బొగ్గు నుసి ఉంటుంది. తలుపు తీసినప్పుడల్లా అది లోపలికీ చేరుతుంది. సిలికాన్ పూసిన డ్యాష్‌బోర్డు మీద ఆ నుసి పడితే, గుడ్డతో తుడిచినప్పుడు కాటుకలా సాగుతుంది.

నేను టూరిస్టు కారు నడుపుతాను. 2018లో కొన్న ఏడు సీట్ల బండి. ముందు రెండు వరుసలకు లేత గోధుమరంగు రెగ్జిన్ కవర్లు వేయించాను. వెనక వరుసకు కంపెనీ ఇచ్చిన బూడిదరంగు బట్ట సీట్లే ఉంచాను. నెలకు పది పన్నెండు సార్లు అరకు, మిగతా రోజుల్లో ఎయిర్‌పోర్టు, భీమిలి, సింహాచలం. సముద్రపు ఇసుక, ఘాట్ రోడ్డు వాంతులు, చేపల నీళ్లు, పులిహోర నూనె, పిల్లల చాక్లెట్లు, వానాకాలపు బూజు, అన్నీ ఈ కారు చూసింది. కొన్న సీసాలూ డబ్బాలూ లెక్కపెడితే ముప్పై దాటుతాయి. ఇప్పుడు డిక్కీలోని ప్లాస్టిక్ పెట్టెలో మిగిలినవి ఎనిమిది. కొత్తగా కొనేవారికి డబ్బు మిగలాలని, నాకు ఘాట్‌లో ఎదురైనది ఇంకొకరికి ఎదురుకాకూడదని ఇది రాస్తున్నాను.

దుకాణానికి వెళ్లి "కారు లోపల శుభ్రం చేసేది కావాలి" అంటే ముందుగా చేతిలో పెట్టేది మెరిసే సీసానే. ఒక ప్లాస్టిక్ ముక్క మీద సగం పూసి "చూడండి అన్నా, కొత్త బండిలా ఎలా ఉందో" అంటారు. నిజంగానే ఆ సగం నిగనిగలాడుతుంది, రెండో సగం వెలిసిపోయినట్టు ఉంటుంది. మొన్నటిదాకా నేను అదే చూసి కొన్నాను. ఇప్పుడు ఒక్కటే అడుగుతాను, ఆరిపోయాక వేలితో తాకితే జిడ్డుగా ఉంటుందా అని. ఉంటుందంటే వద్దు. దుకాణదారుకు తెలియకపోతే ఆ ముక్క మీద నేనే వేలు పెట్టి, ఆ వేలిని నా ఫోను అద్దం మీద రాసి చూస్తాను. వేలిముద్ర మసకగా, నూనె చారలా పడితే ఆ సీసాను మళ్లీ అరలోనే పెట్టమంటాను.

మరి ఏది కొనాలి? డ్యాష్‌బోర్డుకు, తలుపుల లోపలి వైపుకు, రెగ్జిన్‌కు కావలసింది నీటి ఆధారంగా తయారైన ఇంటీరియర్ క్లీనర్. సీసా వెనక పీహెచ్ న్యూట్రల్ అని ఉండాలి. అంటే పులుపూ కాదు, క్షారమూ కాదు. ఆరాక ప్లాస్టిక్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రంగులోనే, మెరుపు లేకుండా కనిపించాలి. మూత మీద మ్యాట్ ఫినిష్ అని రాసి ఉంటే మరీ మంచిది. త్రీఎం, మెగ్వయర్స్, వేవెక్స్ లాంటి పేర్లు మన ఊళ్లో దొరుకుతాయి. అయితే ఒకే పేరు మీద మెరిసేదీ ఉంటుంది, మెరవనిదీ ఉంటుంది. కాబట్టి ముందున్న బొమ్మ వదిలేసి వెనకున్న అక్షరాలు చదవాలి. అర లీటరు నాకు నాలుగు వందల లోపే పడింది. వారానికి ఒకసారి వాడినా నాలుగు నెలలు వచ్చింది.

అది మొదటిసారి వాడిన రోజు నాకు బాగా గుర్తుంది. తెల్లటి మైక్రోఫైబర్ గుడ్డ తీసుకుని, గుడ్డ మీదే రెండు చుక్కలు కొట్టి, స్టీరింగును ఒక చోట పట్టుకుని గుండ్రంగా తిప్పాను. గుడ్డ టీ డికాక్షన్ రంగుకు వచ్చింది. మడత మార్చి ఇంకోసారి తిప్పాను, మళ్లీ అదే రంగు. నాలుగో మడతకు గానీ గుడ్డ తెల్లగా రాలేదు. అప్పుడు చూస్తే స్టీరింగు మీద సన్నటి గరుకు గీతలు కనబడ్డాయి. కొన్న రోజున ఉన్న గీతలే అవి. అన్నాళ్లూ నున్నగా, నల్లగా మెరుస్తూ ఉంటే బాగా వాడిన స్టీరింగు అలాగే ఉంటుందని అనుకున్నాను. ఆ మెరుపంతా నా అరచేతుల చెమటా జిడ్డే. ఆ రోజు నుంచి నా చేతి పట్టు కూడా మారింది, మలుపుల్లో జారడం లేదు. అందుకే స్టీరింగుకూ పెడళ్లకూ ఏ పాలిష్‌నూ తాకనివ్వను. ఇది ప్రాణాలతో పని.

స్టీరింగు గురించే ఇంకొకటి. 2020లో అందరిలాగే నేనూ ప్రతి ట్రిప్పుకూ శానిటైజర్‌తో స్టీరింగు తుడిచాను. ఆరు నెలలకు పైపొర బంకగా మారి, గోటితో గీకితే పొలుసులా లేచింది. ఆల్కహాల్ పైపొరను తినేస్తుంది. చేతులకు రాసుకుని, అవి పూర్తిగా ఆరాక స్టీరింగు పట్టుకుంటే చాలు.

పసుపు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మన తెలుగువాళ్ల కారులో పసుపు పడకుండా ఉండదు. కారు కొన్న రోజే ఆశీల్‌మెట్ట సంపత్ వినాయకుడి గుడి ముందు ఆపి, పసుపూ కుంకుమా పెట్టించి ఇంటికి తీసుకువెళతాం. ఆ తరువాత మార్గశిర మాసం గురువారాలు. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి భక్తులే స్వయంగా అభిషేకం చేసుకుంటారు. దర్శనం అయి కారెక్కేసరికి వాళ్ల చేతులూ చీర కొంగులూ పచ్చగా ఉంటాయి. ఇక ప్రయాణాలకు కట్టుకొచ్చే పులిహోర పొట్లాలు సరేసరి.

మూడేళ్ల కిందట సింహాచలం కొండ దిగుతుండగా వెనక వరుసలో ఒక పిల్లవాడి చేతిలోంచి పులిహోర విస్తరాకు జారి బట్ట సీటు మీద బోర్లా పడింది. వాళ్లను దింపి ఇంటికి వచ్చి ఆల్ పర్పస్ క్లీనర్ కొట్టాను. అప్పట్లో నా దగ్గరున్న వాటిలో అదే గట్టి మందు. బ్రష్షుతో రెండుసార్లు రుద్దానో లేదో, పచ్చటి మరక ఇటుకరంగుకు తిరిగింది. సీటు కాలిపోయిందనే అనుకున్నాను. మా అమ్మాయి అప్పుడు బీఎస్సీ కెమిస్ట్రీ మొదటి సంవత్సరంలో ఉంది. వచ్చి వంగి చూసి, "నాన్నా, ఏమీ కాలేదు. పారాణి ఎలా కలుపుతాం? పసుపులో సున్నం వేస్తేనే కదా ఎర్రబడేది. ఈ క్లీనర్ కూడా సున్నంలాగే క్షారం" అంది. వంటింట్లోకి వెళ్లి నిమ్మచెక్క తెచ్చి మరక మీద పిండింది. నా కళ్ల ముందే ఎరుపు విరిగి తిరిగి పసుపైంది.

రంగు మారడం ఆగింది, మరక మాత్రం ఉంది. పసుపులోని రంగు నీళ్లలో దాదాపు కరగదు. నీళ్లు పోసి రుద్దినకొద్దీ బట్టలోకి ఇంకా లోతుగా దిగుతుంది. దానికి గిట్టనిది ఎండ. పసుపు రాసిన బట్ట నాలుగు ఎండలకు వెలిసిపోవడం మన ఇళ్లలో అందరూ చూసిందే. కాబట్టి నేను చేసినది ఇది: ముందు పులిహోర నూనెను షాంపూ చుక్క కలిపిన చల్లటి నీళ్లతో అద్ది తీశాను. తడి మొత్తం పొడిగుడ్డతో లాగేశాను. పొద్దున్నే మరక ఉన్న వైపు తూర్పుకు వచ్చేలా కారును తిప్పి, ఆ వైపు తలుపు తీసి ఉంచాను. రోజుకు మూడు గంటల చొప్పున మూడు రోజులు. నాలుగో రోజున నేను వేలు పెట్టి చూపిస్తే తప్ప మా అమ్మాయికి ఆ చోటు తెలియలేదు. దీనికి నాకు అయిన ఖర్చు ఒక నిమ్మకాయ. పసుపు మీద వంటసోడా, బట్టల సోడా, ఘాటైన ఆల్ పర్పస్ క్లీనర్ వెయ్యకండి. అవన్నీ క్షారాలే.

ఇంతకీ ఆల్ పర్పస్ క్లీనర్ పనికిరానిదని కాదు. ప్లాస్టిక్ మ్యాట్లకు, డిక్కీ అంచులకు, తలుపుల కింద చెప్పులు తగిలే పట్టీకి దాన్ని మించింది లేదు. ఒక పాలుకు పది పాళ్లు నీళ్లు కలపాలి. నీళ్లు కలపకుండా కొడితే నల్ల ప్లాస్టిక్ మీద తెల్లటి చారలు పడతాయి. నా కారులో గేరు పక్కన అలాంటి చార ఒకటి ఇప్పటికీ ఉంది. లీటరు సీసా కొంటే ఏడాది వస్తుంది. ఒకసారి కలిపిన నీళ్లు నెలల తరబడి దాచకుండా, ఆ పూటకు కావలసినంతే కలుపుకోవాలి.

చేపల సంగతికి వస్తాను. విశాఖలో కారు నడిపేవారికి ఇది తప్పదు. నిరుడు హైదరాబాదు విమానం ఎక్కాల్సిన ఒకాయన, దారిలో ఫిషింగ్ హార్బర్ దగ్గర ఆగి వంజరం కొన్నారు. థర్మోకోల్ పెట్టెలో ఐసు వేసి, టేపు చుట్టి, డిక్కీలో పెట్టించారు. పెట్టె అడుగు మూల పగిలి ఉందని ఎవరూ చూడలేదు. ఎయిర్‌పోర్టులో దింపేటప్పటికి డిక్కీ కార్పెట్టు అరచేయంత మేర తడిసింది. గుడ్డతో తుడిచి ఇంటికి వచ్చాను. మర్నాడు మధ్యాహ్నం ఎండలో నిలబడిన కారు తలుపు తీశాను. ఆ నీచు వాసన మాటల్లో చెప్పలేను. ఆ సాయంత్రం బేరం వదులుకున్నాను.

సుగంధపు జెల్ డబ్బా పెట్టాను. మల్లెపూలూ కుళ్లిన చేపలూ కలిసిన వాసన వచ్చింది, ఇంకా భరించలేకపోయాం. వంటసోడా చల్లాను, తగ్గలేదు. ఈసారి కూడా మా అమ్మాయే చెప్పింది. చేప పాతబడితే పుట్టే వాసన అమైన్లు అనే పదార్థాలది. అవి క్షార గుణం ఉన్నవి, గాలిలోకి లేచేవి. వాటికి పులుపు తగిలితే లవణంగా మారి కిందే ఉండిపోతాయి, ముక్కుదాకా రావు. చేపల కూరలో చింతపండు పులుసు పోసేది ఇందుకే కాబోలు అని మా ఆవిడ అంది. నాకూ సబబుగానే తోచింది.

యాభై రూపాయల తెల్ల వెనిగర్ సీసా తెచ్చాను. కార్పెట్టు ఎత్తి చూస్తే కింద దూదిలాంటి మందపాటి పొర కూడా తడిసి ఉంది. అసలు వాసన అక్కడే కాపురం పెట్టింది. ముందు చల్లటి నీళ్లతో అద్దాను. వేడినీళ్లు పోస్తే మాంసకృత్తులు గడ్డకట్టి నారలో ఇరుక్కుంటాయి, కాబట్టి చల్లటివే వాడాలి. తరువాత సగం వెనిగర్, సగం నీళ్లు కలిపి కార్పెట్టు మీదా కింది పొర మీదా కొట్టి పదిహేను నిమిషాలు ఉంచాను. మళ్లీ చల్లటి నీళ్లతో వెనిగర్ తీసేశాను. ఇనుప భాగాల మీద వెనిగర్ ఉండిపోతే తుప్పు పడుతుంది, ఈ మెట్టు మానకూడదు. ఆ రాత్రి టేబుల్ ఫ్యాను డిక్కీలోకి తిప్పి వదిలాను. తెల్లారి వాసన ముప్పాతిక వంతు పోయింది. మిగిలిన దానికి పెంపుడు జంతువుల సామాన్లు అమ్మే దుకాణంలో దొరికే ఎంజైము క్లీనర్ కొన్నాను. కుక్కలు, పిల్లులు తడిపిన చోట్లకు వాడేది అది. నాలుగు వందల ఇరవై రూపాయలు. మందుల్లో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునేది ఏదంటే ఇదే. అది వాసనను కప్పిపెట్టదు, వాసన పుట్టించే పదార్థాన్నే ముక్కలు చేస్తుంది. అయితే దానికి సమయం ఇవ్వాలి. కొట్టి వెంటనే తుడిస్తే డబ్బు దండగ. తడిగుడ్డ కప్పి కనీసం గంట ఉంచాలి.

ఘాట్ రోడ్డు వాంతులకు దీన్ని తిరగేయాలి. కడుపులోంచి వచ్చేది పులుపు. దాని మీద వెనిగర్ వేస్తే ఒరిగేది ఏమీ లేదు. పైది అట్టముక్కతో ఎత్తి, చల్లటి నీళ్లతో అద్ది, వంటసోడా మందంగా చల్లి ఆరనిచ్చి, వ్యాక్యూమ్‌తో లాగి, చివర ఎంజైము క్లీనర్. శృంగవరపుకోట దాటాక నా డ్యాష్‌బోర్డు అరలో అట్టముక్కలు, కవర్లు, సోడా డబ్బా ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. చిన్నపిల్లల తల్లులు సిగ్గుపడి పదే పదే క్షమించమంటారు. వాళ్ల ముందు మొహం చిట్లించకుండా ఐదు నిమిషాల్లో పని ముగించగలగడం నాకు ముఖ్యం.

అన్ని మరకలకూ ఒకే సీసా అని డబ్బా మీద రాసిన దాన్ని నేను కొనకపోవడానికి కారణం ఈ మూడు అనుభవాలే. చేపకు పనిచేసేది వాంతికి పనిచేయదు, వాంతికి పనిచేసేది పసుపును ఎర్రగా మారుస్తుంది.

సీట్ల విషయంలో చాలామంది మోసపోయేది లెదర్ అనే మాట దగ్గర. బజారులో లెదర్ కవర్లని అమ్మేవి దాదాపుగా రెగ్జినే. బట్ట మీద పీవీసీ, పాలీయురెథేన్ లాంటి ప్లాస్టిక్ పూసినది. దానికి లెదర్ కండిషనర్ రాస్తే లోపలికి ఇంకడానికి తోలు లేదు, పైనే జిడ్డుగా మిగిలి ప్రయాణికుల తెల్ల చొక్కాలకు అంటుతుంది. ఆరు వందలు పెట్టి కొన్న కండిషనర్ ఒకటి నా దగ్గర రెండేళ్లు పడి ఉంటే, చివరకు నిజమైన తోలు సీట్లున్న ఒక మిత్రుడికి ఇచ్చేశాను. రెగ్జిన్‌కు న్యూట్రల్ క్లీనర్, మెత్తటి బ్రష్షు, పొడిగుడ్డ. కుట్లలో చేరిన మురికికి పాత పళ్ల బ్రష్షు. అంతకు మించి అక్కర లేదు.

పైకప్పు బట్టను తడపకండి. అది స్పాంజి పొర మీద జిగురుతో అతికించి ఉంటుంది, తడి ఎక్కువైతే జిగురు వదిలి గుడారంలా వేలాడుతుంది. గుడ్డ తడిపి గట్టిగా పిండి, మరక ఉన్న చోట మాత్రమే అద్దాలి. సీటు బెల్టులకు రెండు రూపాయల షాంపూ ప్యాకెట్టు, అర బకెట్ నీళ్లు. బెల్టు పూర్తిగా బయటికి లాగి క్లిప్పు పెట్టి తుడిచి, ఎండాకే లోపలికి వదలాలి. బ్లీచింగ్ లాంటివి బెల్టు నారను బలహీనపరుస్తాయి, దగ్గరికి రానివ్వకండి.

ఇసుకకు ఏ ద్రావణమూ లేదు. రుషికొండ బీచ్ నుంచి వచ్చినవాళ్లు దిగాక ముందు మ్యాట్లు తీసి బోర్లా వేసి కర్రతో కొట్టాలి, తరువాత గట్టి బ్రష్షుతో కార్పెట్టు పోగులు లేపుతూ వ్యాక్యూమ్ పెట్టాలి. ఇసుక ఉండగానే తడిగుడ్డ వేస్తే ప్లాస్టిక్ మీద గీతలు పడతాయి. బొగ్గు నుసికీ ఇదే వరస, ముందు లాగడం, తరువాత తుడవడం. సిగరెట్ లైటర్ సాకెట్టులో పెట్టే చిన్న వ్యాక్యూమ్‌లు రెండు కొన్నాను. బిస్కెట్ ముక్కలు ఎత్తుతాయి, కార్పెట్టులో దిగిన ఇసుకను కదిలించలేవు. ఇంట్లో వాడే పెద్ద వ్యాక్యూమ్‌కు పొడవైన వైరు తగిలించి వాడుతున్నాను. సముద్రపు ఇసుకలో ఉప్పు ఉంటుంది, ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఇసుక వదిలేసిన కార్పెట్టు వానాకాలంలో ఎంతకీ ఆరదు.

అక్కడే బూజు మొదలవుతుంది. ఓ శ్రావణంలో జ్వరం వచ్చి పన్నెండు రోజులు కారు తియ్యలేదు. తలుపు తీసేసరికి సీటు బెల్టుల మీద, స్టీరింగు వెనక తెల్లటి నూగు. అలాంటప్పుడు పొడిగా దులపకూడదు, కారంతా వ్యాపిస్తుంది. వెనిగర్ నీళ్లతో తడిపిన గుడ్డతో ఎత్తి, ఆ గుడ్డ పారేసి, కారును ఎండలో తలుపులు తీసి ఉంచాలి. ముందు ఎడమవైపు కార్పెట్టు తరచూ తడిగా ఉంటే ఏ క్లీనరూ కొనకండి, ముందు మెకానిక్‌కు చూపించండి. ఏసీ నీళ్లు కిందికి పోయే గొట్టం మూసుకుపోయి ఉండవచ్చు. నాకు అదే అయింది, గాలి కొట్టి తెరవడానికి వంద రూపాయలు తీసుకున్నారు. ఏసీ వేయగానే ముక్కిన వాసన వస్తే, ఏసీ గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్ మార్చాలి. ఏడాదికి ఒకసారి చాలని అందరూ అంటారు. మా పేటలో ఆరు నెలలకే అది నల్లగా అట్టలా తయారవుతుంది.

అద్దం లోపలి వైపు వారానికోసారైనా తుడవాలి. ఎండకు లోపలి ప్లాస్టిక్ నుంచి లేచే ఆవిరి అద్దం మీద మసక పొరగా పేరుకుంటుంది. రాత్రి ఎదురు బండి లైటు పడితే ఆ పొర పాలలా కనిపిస్తుంది. రెండు గుడ్డలు కావాలి, ఒకటి తడిది, ఒకటి పొడిది. తడిదానికి డిస్టిల్డ్ వాటర్‌లో కొద్దిగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపి వాడతాను, చారలు పడవు. లోపలి వైపు అడ్డంగా, బయటి వైపు నిలువుగా తుడిస్తే, చార మిగిలినప్పుడు అది ఏ వైపుదో వెంటనే తెలిసిపోతుంది. వెనక అద్దం మీది సన్నటి తీగలను అవి వెళ్లే దారిలోనే తుడవాలి. పాటల తెరకు మాత్రం ఆల్కహాల్ వద్దు, తడి చేసి పిండిన గుడ్డ చాలు.

మైక్రోఫైబర్ గుడ్డల మీద డబ్బు పెట్టండి. నాలుగు గుడ్డల కట్ట మూడు వందలు పెట్టి కొన్నవి రెండేళ్లుగా వస్తున్నాయి. అద్దానికి వాడినది వేరే దేనికీ వాడను. విడిగా ఉతుకుతాను, ఉతికిన తరువాత వేసే కంఫర్టు ద్రావణం తగలనివ్వను. అది నారను మూసేసి గుడ్డ నీళ్లు పీల్చకుండా చేస్తుంది. నురుగు వచ్చే డబ్బాలు, స్ప్రే సెంట్లు కారులో ఉంచను. చాలా డబ్బాల మీద యాభై డిగ్రీలు దాటిన చోట పెట్టవద్దని ఉంటుంది. మే నెలలో మూసిన కారు అది సులువుగా దాటుతుంది.

ఆ ఎనిమిదీ ఇవి: న్యూట్రల్ క్లీనర్, ఆల్ పర్పస్ క్లీనర్, ఎంజైము క్లీనర్, వెనిగర్, వంటసోడా, అద్దాల నీళ్ల సీసా, షాంపూ ప్యాకెట్లు, చివరిది ఘాట్‌లో నన్ను ఆపించిన పాలిష్. దాన్ని పారేయలేదు. సిలికాన్ నూనె రబ్బరుకు మంచిది. తలుపుల చుట్టూ ఉండే బీడింగులకు నెలకోసారి గుడ్డతో సన్నగా పూస్తున్నాను. ఉప్పుగాలికి బిరుసెక్కిన రబ్బరు మెత్తబడింది, తలుపు వేస్తే ఇదివరకటి కిర్రు లేదు. సీసాలో ఇంకా సగం ఉంది.